ఇంట్లో ఉన్న ఒక్క పుస్తకం

పొయ్యి మీద పప్పు పొంగుకొస్తున్న వేళ ఎవరైనా వంటామెను పిలుస్తారా? పిలిచారు. పెద్దసారు రమ్మంటున్నారని ఐదో తరగతి పిల్ల పరుగున వచ్చి చెప్పింది. కరుణమ్మ మంట తగ్గించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంట షెడ్డు దిగింది. ఆ సర్కారు బడిలో ఆమె మధ్యాహ్న భోజనం వండబట్టి పదకొండేళ్లు. పెద్దసారు పిలిచాడంటే గుడ్లు తక్కువ వచ్చాయనో, ఎవరో తనిఖీకి వస్తున్నారనో, అలాంటిదే ఏదో ఉంటుందనుకుంది.

హెడ్మాస్టరు కృపాకర్ చేవెళ్ల మనిషి. రోజూ బస్సెక్కి, మొయినాబాద్ ఇంకా రాకముందే దిగి, ఆటోలో ఊళ్లోకి వస్తాడు. ఆదివారం చేవెళ్ల చర్చిలో కనిపిస్తే "వందనాలు కరుణక్కా" అని తనే ముందు పలకరిస్తాడు. బడి గేటు లోపల మాత్రం ఆ అక్క కాస్తా ఊడిపోయి ఉత్త కరుణమ్మ మిగులుతుంది. అందుకు ఆమె ఎన్నడూ ఏమీ అనుకోలేదు. బడి బడే, చర్చి చర్చే అని సరిపెట్టుకుంది.

"నీ మనుమరాలు చేసిన పని చూసినవా?" అన్నాడు, కుర్చీలోంచి కదలకుండా.

"ఏం చేసింది సారూ?"

"లైబ్రరీ పుస్తకం ఖరాబు చేసింది. శనివారం ఇంటికి తీస్కపోయింది, నిన్న తెచ్చి ఇచ్చింది. తెరిచి చూస్తే పెన్నుతోని పేజీ నిండ రాసి పెట్టింది. కొత్త పుస్తకం! మేడం వాళ్లు ఇచ్చింది!"

చేతిలోని పుస్తకాన్ని గాల్లో రెండుసార్లు ఆడించాడు. అట్ట మీద నత్త బొమ్మ ఉంది. కరుణమ్మకు అంతే కనిపించింది. లోపలేముందో ఆయన చూపించలేదు, ఆమె అడగలేదు. అడగనందుకు ఆ తర్వాత ఆమె తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం కుదరదు.

మేడం అంటే అరుణకుమారి. కనకమామిడి దాటాక పొలాల మధ్య వరసగా లేచిన విల్లాల్లో ఒకటి వాళ్లది. ఎప్పుడో పాతికేళ్ల కిందట కోస్తా నుంచి హైదరాబాదు వచ్చి, కంప్యూటరు ఉద్యోగాల్లో నిలదొక్కుకున్న కుటుంబం. రెండేళ్ల కిందట ఆమె తన విల్లాల వాళ్లందరినీ అడిగి మూడు వందల పిల్లల పుస్తకాలు పోగుచేసి, వాటితోపాటు ఒక ఇనుప బీరువా కూడా కొని బడికి ఇచ్చింది. బీరువాను పిల్లలు కూర్చునే గదిలో పెట్టొచ్చు. పెట్టలేదు. పెద్దసారు గదిలో, పెద్దసారు కుర్చీ వెనకాల పెట్టారు. మొదటి ఏడాది మొత్తంలో అది రెండుసార్లు తెరుచుకుంది, రెండుసార్లూ ఫోటోల కోసమే. ఈ జూన్‌లో ఎవరో అధికారి వచ్చి, పుస్తకాలకు అంత ముక్క వాసన ఎందుకు వస్తోందని గట్టిగా అడిగాక, ప్రతి శనివారం పిల్లకొక పుస్తకం ఇంటికి ఇవ్వడం మొదలైంది. బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించారు. చేతులు కడుక్కొని ముట్టుకోవాలి. పేజీ మడవరాదు. తడపరాదు. రాయరాదు. సోమవారం తప్పక తిరిగి ఇవ్వాలి. చదవాలి అన్న మాట ఒక్కటే ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఇదంతా కరుణమ్మకు ఆ నిమిషంలో తట్టలేదు. తట్టిందల్లా సిగ్గు. పదకొండేళ్లుగా ఒక్క మాట పడకుండా పనిచేసిన బడిలో, తన ఇంటి పిల్ల దొంగపనిలాంటిది చేసిందే అన్న సిగ్గు. ఆమె వరండాలోకి వచ్చేసరికి పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. మూడో తరగతి వరసలో మనుమరాలు ప్రియ మధ్యలో ఉంది, పళ్లెం మీద వేళ్లతో దరువేస్తూ.

"ఏ చెయ్యితోని రాసినవే?" అంది కరుణమ్మ.

ప్రియకు అర్థమైంది. అర్థమయ్యే, పళ్లెం ఎడమ చేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి ముందుకు చాపింది. దాచుకోలేదు, వెనక్కి లాక్కోలేదు. అడిగారు కాబట్టి చూపించింది. కరుణమ్మ ఆ చేతి మీద రెండు దెబ్బలు వేసింది. అరవై మంది పిల్లల ముందు చప్పుడయ్యేలా కొట్టింది. పళ్లెం కింద పడి గుండ్రంగా తిరిగింది. పెద్దసారు గది గుమ్మంలో నిలబడి చూసి, బాగుందన్నట్టు తలాడించి లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నం ప్రార్థన బెల్లు కొట్టించి మరీ ఆయన చెప్పాడు. ఇకనుంచి ఎవరికీ పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. శుక్రవారం మేడం వస్తున్నారు, అన్ని పుస్తకాలూ శుభ్రంగా బీరువాలో ఉండాలి. ఇదంతా ఎవరి పుణ్యమో మూడో తరగతిలో ఒకరిని అడగండి అన్నాడు. అరవై తలలూ ప్రియ వైపు తిరిగాయి.

ఆ సాయంత్రం ఇంట్లో వాళ్లిద్దరే ఉన్నారు. కరుణమ్మ కొడుకు సుకుమార్ కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు, ఆ వారం రెండో షిఫ్టు. కోడలు ప్రేమజ్యోతి సెప్టెంబరు చివర్లో మగపిల్లాణ్ణి కని, ఇంకా పుట్టింట్లోనే ఉంది. ప్రియ బడి బట్టలు కూడా విప్పకుండా గడప మీద కూర్చుంది. ఛాయ్ ఇస్తే వద్దంది. బిస్కెట్టు ఇస్తే వద్దంది. శనివారం తెచ్చిన పుస్తకాన్ని ఆదివారం సాయంత్రానికల్లా మూడుసార్లు చదివి, ఎదురింటి రామమ్మకు కూడా చదివి వినిపించే పిల్ల, ఇప్పుడు నోట్లో మాట లేకుండా కూర్చుంది.

"గీతలు ఎందుకు గీసినవే? నీకేం పొయ్యేకాలం?" అంది కరుణమ్మ. అప్పటికి ఆమె కోపం సగం దిగింది. ఆ సగం కూడా దిగకుండా ఉంటే బాగుండునని మరుక్షణమే అనిపించింది.

"నేను గీతలు గియ్యలే అవ్వా. రాసిన."

"ఏం రాసినవ్?"

"తాతది రాసిన. తాత సచ్చిపోయింది ఎవ్వరు రాయలే కదా. తాత బైబిల్ తాతతోనే పాయె. మరి దేంట్ల రాస్తరు? మనింట్ల ఆ రోజు బడి పుస్తకాలు గాక ఆ ఒక్క పుస్తకమే ఉండె."

కరుణమ్మ వచ్చి గడప మీద పిల్ల పక్కన కూర్చుంది.

వాళ్ల ఇళ్లల్లో బైబిల్ మొదట ఉండే ఖాళీ కాగితం ఖాళీగా ఉండదు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం అయింది, ఎవరి పెళ్లి ఏ చర్చిలో జరిగింది, ఎవరు ఏ రోజు ప్రభువునందు నిద్రించారు, అంటే కన్నుమూశారు, అన్నీ దాని మీదే. కరుణమ్మ పెనిమిటి ప్రేమదాసు తండ్రి నాటి నుంచి ఆ ఇంటి బైబిల్‌లో అలా రాస్తూ వచ్చారు. ప్రేమదాసు రాత ముత్యాల్లా ఉంటుందని చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా తమ బైబిళ్లు తెచ్చి ఆయనతోనే రాయించుకునేవాళ్లు. ఏదైనా ఇంట్లో బిడ్డ పుడితే, పిల్ల పేరు కాగితం మీద పడేదాకా ఆయనకు ఛాయ్ కూడా దిగేది కాదు. అన్ని రాతలూ రాసిన మనిషి ఆగస్టులో పోయాడు. పోయిన రోజు ఆయన బైబిల్‌ను ఎవరు వాడతారు, ఆయన గుండెల మీదే ఉండనివ్వండి అని పెట్టెలో పెట్టించింది మరెవరో కాదు, కరుణమ్మే. పాస్టరు గారు కూడా మంచిదే అన్నారు. మూత వేశారు, మేకులు కొట్టారు, మట్టి కప్పారు. అప్పుడు గుంపులోంచి ప్రియ ఏదో అడగబోయింది. ఎవరో ఊరుకో అన్నారు.

మూడు తరాల పేర్లను తన చేతులతో తనే మట్టిలో పెట్టించింది. ఈ మూడు నెలల్లో ఒక్కసారైనా తనకు ఆ సంగతి తట్టలేదు. సుకుమార్‌ను కొత్త బైబిల్ కొనమంటే "ఫోన్ల ఉన్నది కదమ్మా" అన్నాడు, నిజమే కదా అని తానూ ఊరుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్కతే ఆలోచించింది. ఆలోచించి, జూన్ నుంచి ఆగస్టు దాకా మంచం మీదున్న తాతకు శనివారం శనివారం ఏ బీరువా పుస్తకాలు చదివి వినిపించిందో, ఆ బీరువా పుస్తకంలోనే ఆయన పేరు రాసింది. దానికి తను ఇచ్చిన బహుమానం రెండు దెబ్బలు.

"జర ముందే చెప్తే ఏమైతుండె?" అంది కరుణమ్మ.

"నువ్వు ఏ చెయ్యి అని అడిగినవ్. ఏం రాసినవ్ అని అడగలే," అంది ప్రియ.

మర్నాడు పొద్దున్నే, పొయ్యి కూడా వెలిగించకుండా, కరుణమ్మ పెద్దసారు గదికి వెళ్లింది. "సారూ, పిల్ల రాసింది ఒక్కసారి చూస్త" అంది. చూడ్డానికేముంది, ఖరాబు చేసింది చేసింది అన్నాడాయన. ఊరికే రాయలేదు సారూ, వాళ్ల తాత సంగతి రాసిందట అని చెప్పబోతే, తాతైతేంది ముత్తాతైతేంది, లైబ్రరీ పుస్తకం సొంత ఆస్తి అనుకున్నదా అన్నాడు. బీరువా తాళం వేసేసిన, మేడం వచ్చి పోయినంక చూద్దాం అన్నాడు. రిజిస్టరులో ప్రియ పేరు ఎదురుగా ఎర్ర సిరాతో రాసిన మాట మాత్రం బల్ల మీద తెరిచే ఉంది. పుస్తకం పాడు చేసినది. ఇకపై ఇవ్వరాదు. ఏడో తరగతి దాకా చదివిన కరుణమ్మ ఆ రెండు ముక్కలూ తలకిందులుగానే చదువుకుంది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మండినా వంట చేసింది. అన్నం వండింది, సాంబారు కాచింది, అరవై గుడ్లు ఉడికించి పెంకులు వలిచింది. వలుస్తున్నంతసేపూ పెద్దసారుకు చెప్పాల్సిన మాటలు నోట్లో నలిపింది. బుధవారం, గురువారం అలాగే గడిచాయి. ఆ రెండు రోజులూ ప్రియ అన్నం వరసలో చివర నిలబడింది. పిల్లలు ఆమెను "నీ వల్లనే" అని పొడుస్తూనే ఉన్నారు. శనివారం ఒక్క రోజు కోసం ఆరు రోజులు బడికి వచ్చే పిల్లలు వాళ్లు. వాళ్లను మాత్రం ఏం అనగలం?

శుక్రవారం పదకొండింటికి అరుణకుమారి కారు గేటు ముందు ఆగింది. వంద మాటలు కూడబెట్టుకున్న కరుణమ్మను పెద్దసారు రెండు ఛాయ్‌లు పట్టుకురమ్మన్నాడు. అదే మంచిదైందని ఆమె ఛాయ్‌లు పట్టుకునే లోపలికి వెళ్లింది.

బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. పుస్తకాలు ఎత్తు ప్రకారం నిలబెట్టి ఉన్నాయి. కృపాకర్ ఆ నత్త పుస్తకాన్ని అరుణకుమారి ముందు పెట్టి, నేరం చేసింది తనే అన్నంత వినయంగా మాట్లాడుతున్నాడు.

"ఈ ఒక్కటే మేడం, ఇట్ల అయింది. వెంటనే యాక్షన్ తీసుకున్న. పుస్తకాలు ఇంటికి ఇచ్చుడు బంద్ చేసిన. మిగతా అన్నీ చూడండి, కొత్తవాటి లెక్కనే ఉన్నయి."

అరుణకుమారి పుస్తకం తెరిచింది. మొదటి ఖాళీ కాగితం మీద కళ్లు నిలిపి చదువుతూ ఉండిపోయింది. చదువుతూ చదువుతూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో! ఎంత బాగా రాసిందండీ! ఎవరీ పాప?" అంది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్న వెంటనే ఫోను తీసి ఆ పేజీని ఫోటో తీసింది, ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. "మా గ్రూపులో పెడతానండీ, అందరూ చూడాలి. ఈ పుస్తకం నేను తీసుకువెళ్తాను సార్. దీని బదులు పది కొత్తవి పంపిస్తాను. ఇలాంటిది దాచుకోవాలి కదా!" అంటూ పుస్తకాన్ని సంచిలో పెట్టుకోబోయింది. ఏది నేరమో ఏది ఘనతో తేలక కృపాకర్ మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. తేరుకుని, "తప్పకుండా మేడం, తీసుకోండి మేడం" అన్నాడు.

కరుణమ్మ ఛాయ్ కప్పులు బల్ల మీద పెట్టింది. కాదు, కొట్టింది. ఛాయ్ రిజిస్టరు మీదికి చిందింది.

"ఆ పుస్తకం ఇటియ్యండమ్మా."

అరుణకుమారి తలెత్తింది. "మీరు?"

"ఆ పిల్ల నాయినమ్మను. అండ్ల రాసిన పేరు నా పెనిమిటిది. నేను ఇంకా చూడనే లే. సారు నాకు చూపియ్యలే. మీరు మీ సంచుల ఏస్కపోతున్నరు."

ఆ గొంతు ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అరుణకుమారి పుస్తకం ఆమె చేతికిచ్చింది. కరుణమ్మ గుమ్మం వెలుతురులోకి తిరిగి నిలబడి చదివింది. గుండ్రటి పెద్ద అక్షరాలు. వరస వంకర పోకుండా స్కేలు పెట్టి సన్నగా పెన్సిల్ గీతలు గీసుకుని మరీ రాసింది.

మా తాత ప్రేమదాసు ఆగస్టు 19 మంగళవారము ప్రభువునందు నిద్రించెను.

మా తమ్ముడు సెప్టెంబరు 30 మంగళవారము పుట్టెను. పేరు ఇంకా పెట్టలేదు.

నేను ప్రియ. ఏప్రిల్ 4న పుట్టితిని. నాది కూడా తాతతో పోయినది కాబట్టి మళ్లీ రాసితిని.

మా అవ్వ కరుణమ్మ. ఎప్పుడు పుట్టెనో ఎవరికీ తెలియదు. కానీ ఉన్నది.

కరుణమ్మ ఆ చివరి వరస దగ్గర ఆగిపోయింది. వయసు యాభై ఎనిమిదో అరవయ్యో, తన పుట్టుక ఏ కాగితంలోనూ లేదు. పుట్టింటి వాళ్లు రాయలేదు. ప్రేమదాసు పెళ్లి రాశాడు, పుట్టుక తెలియదు కాబట్టి వదిలేశాడు. మొదటిసారి తన ఒక్కదాని పేరు మీద ఒక వరస రాసింది ఈ పిల్ల. ఆ రాసిన చేతినే చాపమని, అందరి ముందు కొట్టింది.

ఇక ఆమె ఎవరి కోసమూ ఆగలేదు.

"సారూ, మీ ఇంట్ల బైబిల్ లేదా?"

కృపాకర్ రిజిస్టరును ఛాయ్ తడిలోంచి పక్కకు జరిపాడు.

"ఉన్నది. నాకెరుక. మీ నాయిన పోయినప్పుడు మీరే తెచ్చి మా ఆయనతోని రాయించుకున్నరు. మా అరుగు మీద కూసొని, కండ్ల నీళ్లు పెట్టుకుంట రాయించుకున్నరు. తారీకు తప్పు పడిందని మళ్లొకసారి దిద్దించుకున్నరు. ఈ పిల్ల రాసింది చూసి మీకు తెల్వలేదా అది ఏందో? ఈమెకు తెల్వకపోతె అర్థం ఉన్నది. మీకు తెల్వదా? తెలిసి ఖరాబు అని ఎట్ల రాసిన్రు సారూ, ఎర్ర సిరతోని?"

"కరుణక్కా, అది కాదు..." అన్నాడు కృపాకర్. బడి గేటు లోపల అక్క మొదటిసారి అప్పుడు బయటికొచ్చింది. "మేడం వాళ్లు పుస్తకాలు ఎట్ల ఉన్నయో చూస్తరు. రేపు పిల్లలకు ఇయ్యమంటె ఇస్త..."

"నేనా?" అంది అరుణకుమారి ఆశ్చర్యంగా. "పుస్తకాలు కొత్తగా ఉండాలని నేనెప్పుడూ అనలేదండీ. పిల్లలు చదువుతున్న ఫోటోలు పంపమన్నాను, అంతే."

అంటే ఎవరూ అడగని భయానికి అరవై మంది పిల్లల శనివారాలు ఎగరగొట్టాడన్న మాట! కరుణమ్మకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మంచి నవ్వు కాదు. ఆమె అరుణకుమారి వైపు తిరిగింది.

"మీరు మంచోళ్లే అమ్మా. కాదంటలేను. కని ఒకరు తప్పని చెప్పి గుంజుకున్నరు. మీరు మస్తుగున్నదని చెప్పి గుంజుకుంటున్నరు. ఎట్లనన్న గాని పుస్తకమైతె పిల్ల చేతిల ఉంటలేదు. మా ఆయన సచ్చిపోయిన తారీకు మీ ఫోన్ల ఎందుకమ్మా? మీ వాళ్లు చూసి ఏం చేస్తరు? జాలి పడ్తరు. ఆ జాలి పిల్లకు చదువుకోనీకి పనికొస్తదా?"

అరుణకుమారి మొహం ఎర్రబడింది. తర్వాత ఫోను తీసి, కరుణమ్మకు కనబడేలా పట్టుకుని, రెండు ఫోటోలూ తీసేసింది. "తప్పయిందమ్మా. నేను అలా ఆలోచించలేదు" అంది. అనడమైతే అంది. పొరపాటున తనను దొంగను చేసేశారే అన్న చిన్నబుచ్చుకోవడం గొంతులో ఉండనే ఉంది. కరుణమ్మ దాన్ని పట్టించుకునే స్థితిలో లేదు.

"ఆ మాట కొట్టెయ్యి సారూ," అంది రిజిస్టరు చూపించి. "ఇంక రేపటి దాక ఎందుకు? ఇప్పుడే పిల్లను పిలిచి పుస్తకం ఇయ్యి. అందరి ముందట బంద్ చేసినవ్, అందరి ముందట ఇయ్యి."

నువ్వు అంది. పదకొండేళ్లలో పెద్దసారును నువ్వు అనడం అదే మొదలు. ఆయన ఆ సంగతి గమనించినట్టే ఉన్నాడు, కానీ కలం తీశాడు. ఛాయ్ మరకల మధ్య ఎర్రటి వరస మీద అడ్డంగా ఒక గీత గీశాడు. పుస్తకాలు దించి, ఖాళీ బీరువాను పెద్ద పిల్లలతో వరండాలోకి జరిపించి, పుస్తకాలు మళ్లీ సర్దించాడు. పిల్లలందరినీ పిలిపించాడు. గొంతు సవరించుకుని, పుస్తకాలు ఎప్పటిలాగే ఇంటికి ఇస్తామని, ప్రియ రాసింది తప్పు కాదని, తనే తొందరపడ్డానని చెప్పాడు. చివరి ముక్క బాగా చిన్నగా చెప్పాడు గానీ చెప్పాడు. పిల్లలు ఓ అని అరిచారు. కరుణమ్మకు గుండెలో బరువు దిగినట్టయింది. గెలిచానని అనుకుంది, ఆ ఒక్క నిమిషం.

"రా ప్రియా, నీకు నచ్చింది తీస్కో," అన్నాడు కృపాకర్.

ప్రియ వరసలోంచి ముందుకొచ్చింది. బీరువా ముందు నిలబడి పుస్తకాలన్నిటినీ చూసింది. పై అర, మధ్య అర, కింది అర. చూస్తున్నంతసేపూ రెండు చేతులూ వెనక్కి పెట్టుకునే ఉంది. అరుణకుమారి రంగురంగుల పుస్తకమొకటి తీసి అందించబోతే ఒకడుగు వెనక్కి వేసింది.

"నాకొద్దు సార్," అంది.

"ఎందుకమ్మా? ఎవ్వరు ఏమనరు."

ప్రియ పెద్దసారు వైపు చూడలేదు. అరుణకుమారి వైపు కూడా చూడలేదు. కరుణమ్మ చేతుల వైపు ఒక్కసారి చూసి, తల దించుకుంది. "నాకొద్దు" అని మళ్లీ అని, తన వరసలోకి వెళ్లి నిలబడింది.

కరుణమ్మకు నోట మాట రాలేదు. ఇంతసేపూ ఎవరిని పడితే వాళ్లను కడిగేసిన నోరు అది. సారును తిట్టింది, మేడంను తిట్టింది, ఇద్దరినీ తిట్టడానికి ఆమెకు హక్కు ఉంది. కానీ పిల్ల చేతి మీద పడ్డ దెబ్బలు వాళ్లు వేసినవి కావు. వాళ్లు తీసుకున్నది ఒక పుస్తకం, తను తీసేసింది ఆ పిల్లకు పుస్తకం ముట్టుకోవాలన్న ఆశ.

"నా పేరు మీద రాయి సారూ," అంది చివరికి.

"మీ పేరు మీదనా? పిల్లలకే కదా..."

"రాయమంటే రాయి. నేను కూడా ఈ బడిలదాన్నే. ఆ నత్తదే ఇయ్యి."

కృపాకర్ రాశాడు. తరగతి అన్న గడిలో ఏం రాయాలో తోచక వంట అని రాశాడు. ఆ పుస్తకాన్ని కరుణమ్మ కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, ప్రియ పడుకునే మంచం పక్కన పెట్టింది. చదువు అనలేదు. చదవవా అని అడగలేదు. ప్రియ దాని పక్క నుంచి పోయింది, వచ్చింది, ముట్టుకోలేదు. "తప్పు నాది బిడ్డా, కొట్టింది తప్పు" అని కరుణమ్మ శనివారం పొద్దున చెప్పింది. పెనిమిటికి కూడా ఎన్నడూ చెప్పని మాట అది. "మంచిది అవ్వా" అంది ప్రియ, పెద్దమనిషిలాగా. పుస్తకం మాత్రం ఉన్నచోటే ఉంది.

సోమవారం గడువు అయితే కరుణమ్మ తీసుకెళ్లి మళ్లీ తన పేరు మీదే రాయించుకుని వచ్చింది. ఆ మరుసటి సోమవారమూ అంతే. సుకుమార్ కొత్త బైబిల్ కొనుక్కొచ్చాడు. ఖాళీ కాగితం తెరిచి, రాయి బిడ్డా, నీ రాతే బాగుంటది అని ప్రియ ముందు పెట్టాడు. నువ్వే రాయి డాడీ అంది ప్రియ. సుకుమార్ రాత కోడి గీతలు. ఆ కోడి గీతలే రాశాడు.

మూడో ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, కరుణమ్మ చేటలో పప్పు బాగుచేస్తూ అరుగు మీద కూర్చుంది. ప్రియ లోపలికి వెళ్లి, కొంచెంసేపటికి బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. లోపలున్న పుస్తకం వైపు గడ్డంతో చూపించింది.

"అవ్వా, అది తెచ్చి ఇక్కడ పెట్టు. చదువుత."

కరుణమ్మ చేట వదిలేసి పరుగున పోయి తెచ్చింది. ఇద్దరి మధ్య అరుగు మీద పెట్టింది. నత్త బొమ్మ ఎండలో మెరిసింది. ప్రియ రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి గట్టిగా కూర్చుంది.

"నేను ముట్టుకోను అవ్వా," అంది. "నువ్వు తిప్పు."

కరుణమ్మ మొదటి పేజీ తిప్పింది.